ముల్లు తీసిన ముక్క

అత్తగారు పోయిన దగ్గర్నుంచీ మరిది కంచం ముందు కూర్చుంటున్నాడే గానీ తింటున్నది లేదు. యాభై దాటిన మనిషి, పెళ్ళీ పెటాకులూ లేవు. చేపలో ముల్లు తీసుకోవడం ఇప్పటికీ చేతకాదు. పోయేదాకా ఆవిడే తీసి పెట్టింది. "నమిలి కూడా పెట్టండత్తయ్యా, పనైపోతుంది" అని వదిన వెక్కిరించేది. ఇప్పుడా సరదా కూడా లేదు.

ఆ రోజు వదిన చేప వేయించి, క్యారేజీ పట్టుకుని అతను పనిచేసే మ్యూజియానికి వెళ్ళింది. జంతువుల పక్కన పెట్టే బోర్డులు రాయడం అతని ఉద్యోగం. హాలు మధ్యలో ఇనుప తీగలకు పెద్ద అస్థిపంజరం వేలాడుతోంది. దాని కింద కుర్చీలో అతను.

"ఏమయ్యా, నీకంటే ఇదే కాస్త ఒళ్ళు చేసినట్టుందే!"

"కిల్లర్ వేల్, వదినా. మగది."

"అంత చంపేదా?"

"ఇవి తిమింగలాల్ని చంపుతుంటే చూసి పూర్వం నావికులు పెట్టిన పేరు. నిజానికిది డాల్ఫిన్ల జాతి. శాస్త్రజ్ఞులు పెట్టింది ఇంకా అన్యాయం. చచ్చినవాళ్ళ లోకానిదని అర్థం."

"పేరు పెట్టేటప్పుడు దాని తరఫు మేనత్త ఒక్కతీ లేదన్నమాట."

అతను నవ్వలేదు. ఒళ్ళో ఉన్న బోర్డు ఆమె వైపు తిప్పాడు. పేరు సంగతి అయ్యాక కింద ఇలా ఉంది: 'ఎదిగిన కొడుక్కి కూడా తల్లే చేపను కొరికి సగం పెడుతుంది. తల్లి పోయాక మగవి చాలావరకు ఎక్కువ కాలం బతకవు.'

"ఆ చివరిది కొట్టెయ్."

"ఉన్న మాటేగా, వదినా."

"ఉన్నవన్నీ రాయాలా? చిన్నపిల్లలు చూస్తారు."

కొట్టెయ్యలేదు. కలం మూత పెట్టాడంతే.

వదిన క్యారేజీ విప్పింది. ఇంట్లోనే ముళ్ళన్నీ ఏరింది, ఒక్కటి తప్ప. అది కావాలని వదిలింది. ఎప్పుడైనా ముల్లు తగిలితే అతను ఇల్లెగిరిపోయేలా అరిచేవాడు, "చంపేస్తావా ఏంటమ్మా నన్ను!" అని. అరిచి, మరో రెండు ముక్కలు వేయించుకునేవాడు. ఆ అరుపు కోసమే ఇంత దూరం వచ్చింది.

అతను నమిలాడు. ఆగాడు.

రెండు వేళ్ళతో ముల్లు తీసి, చప్పుడు కాకుండా మూతలో పెట్టాడు.

"బాగుంది, వదినా."

కాపురానికొచ్చిన దగ్గర్నుంచీ అతని నోట ఆ మాట ఆమె విని ఎరగదు.

"ఇంకో ముక్క..."

"చాలు."

మిగిలిన ముక్కల్లో ముల్లన్నది లేదని తెలిసీ, వదిన తలెత్తకుండా మళ్ళీ ఏరడం మొదలుపెట్టింది.