గుమ్మం తప్పిన మెసేజ్

మా ఆఫీసులో ఒక దిక్కుమాలిన అలవాటుంది. డయాలసిస్ కేంద్రాల కోసం మేం నడిపే సైటు నుంచి ఎవరికైనా మెసేజ్ పోవాలంటే, బయటి మెసేజ్ కంపెనీని పిలిచే కోడ్‌ను ఎవరి పేజీలో వాళ్లు అతికించేస్తారు. ఆ కంపెనీ తన వెబ్ చిరునామా మార్చిందా, మేం ముప్పై ఏడు చోట్ల మార్చుకోవాలి. కిందటిసారి, ఆరేళ్ల కిందట, రెండు రోజులు పట్టింది, తలప్రాణం తోకకొచ్చింది.

అందుకే మూడు వారాలు కూర్చుని ఆ పిలుపులన్నీ ఏరి ఒక్క ఫైలులో పెట్టాను. ఇకపై ఏ పేజీ అయినా ఆ ఒక్క గుమ్మంలోంచే బయటికి వెళ్లాలి.

"కందకి లేని దురద కత్తిపీటకెందుకమ్మా?" అన్నాడు మేనేజరు.

నాకు ఒళ్లు మండింది. "రేపు గోక్కోవాల్సింది నేనేగా సార్!" అన్నాను.

ఆ రోజు రానే వచ్చింది. పొద్దున తొమ్మిదికి మెసేజ్ కంపెనీ పాత చిరునామా మూసేసింది. నేను ఆ ఫైలులో ఒక్క వరుస మార్చాను. పరీక్షకు పంపిన మెసేజ్ టింగుమని నా ఫోన్లో పడింది. నేను దర్జాగా టీ తాగాను.

పదకొండింటికి అక్క ఫోన్ చేసింది. "ఏమే, మీ బావకి ఇంకా మెసేజ్ రాలేదే! ఇవాళ డయాలసిస్ వంతు ఎన్నింటికి? కేంద్రం వాళ్లు ఫోను ఎత్తి చావట్లేదు."

వంతులు రోజుకోలా మారతాయి. పదింటికి మెసేజ్ వస్తే తప్ప ఎవరూ ఇల్లు కదలరు. నెల కిందట బావ ఒక్క వంతు తప్పితే, ఊపిరితిత్తుల్లో నీరు చేరి ఆస్పత్రి పాలయ్యాడు.

ఇవాళ్టి వంతుల జాబితా తెరిచి చూశాను. "పన్నెండింటికే అక్కా! ముందు బయల్దేరండి!"

బావకైతే నోటితో చెప్పాను. జాబితాలో ఉన్న మిగతా ఇరవై ఇద్దరి సంగతేంటి?

"ఎవడో వెధవ నా గుమ్మం తప్పించి దొడ్డిదారిన వెళ్తున్నాడు!" అని అరిచాను. వంతులు పంపే పేజీ తెరిచాను. ఉంది అక్కడే, పాత చిరునామా. దాన్ని రెండు ముక్కలు చేసి రాశారు కాబట్టి నేను వెతికి ఏరినప్పుడు చిక్కలేదు. పైన ఒక నోటు: 'ఇప్పటికిది చాలు, తర్వాత సర్దుతా.' ఎవరు రాశారా అని చూస్తే, నేనే. ఐదేళ్ల కిందట. గురివింద గింజకు తన కింద నలుపు తెలియదంటే ఇదే. సిగ్గుతో చచ్చిపోయాను.

మేనేజరు వచ్చి వెనక నిలబడ్డాడు. "తప్పు నాదే సార్," అన్నాను.

"అది తర్వాత తిట్టుకుందువుగాని. పన్నెండింటివాళ్ల నంబర్లివ్వు, నేను ఫోన్లు చేస్తా. నువ్వు ఆ పని చూడు," అన్నాడాయన. ఆ క్షణంలో ఆయన కాళ్లకు దండం పెట్టాలనిపించింది.

ఆ కోడ్ పీకేసి గుమ్మంలోకి మళ్లించాను. ఆగిపోయినవన్నీ మళ్లీ పంపాను. ఇరవై మూడూ చేరాయి! పన్నెండింటివాళ్లందరూ దారిలో ఉన్నారని మేనేజరు బొటనవేలు ఎత్తి చూపించాడు.

పన్నెండుకు ఐదు నిమిషాలుందనగా బావే ఫోన్ చేశాడు.

"మరదలు పిల్లా, కేంద్రానికొచ్చి మంచమెక్కి పడుకున్నాక బయల్దేరమని మెసేజ్ పంపుతావా?"

నవ్వూ ఏడుపూ ఒక్కసారే వచ్చాయి. "ఐదేళ్లు ఆలస్యమైంది బావా."

"పోనీలే," అన్నాడు, "వచ్చిందిగా."