బొమ్మ లేని వరస

మధ్యాహ్నానికే పదకొండు డబ్బాల మందు కొట్టిన వీరాస్వామి గట్టు మీదికొచ్చి కూలబడ్డాడు. డబ్బాకి మూడు రూపాయలు. చొక్కా వీపంతా మందు తడి, కళ్లలో మంట. అన్నం మూట విప్పబోతుంటే, మందు కొట్టేవాళ్లందరూ షెడ్డు దగ్గరికి రావాలని ఆసామి జగన్నాథరావు గారు కేకేశారు.

అక్కడ గోరింటాకు చేతులతో ఒక కొత్త పెళ్లికూతురు బొమ్మల అట్ట విప్పుతోంది. పురుగుమందుల కంపెనీలో పనిచేసే ఉదయభాస్కర్ భార్య, దుర్గాశ్రీ. డిగ్రీ చదివిందట. చదువురానివాళ్లకి పురుగుమందు డబ్బా మీది అక్షరాలు ఏం ఉపయోగమని, ఈ బొమ్మలన్నీ తనే వేశానని మురిసిపోతూ చెప్పింది. గాలికి అట్ట ఎగిరితే దానికీ నవ్వింది.

ఆ నవ్వు మీద వీరాస్వామికి అనుమానం లేదు. అనుమానమంతా కంపెనీ మీదే. నిరుడు ఇదే చేలో మందు కొడుతూ ఏసురాజు నురగలు కక్కి పడిపోతే, డబ్బా మీద రాసినట్టు చెయ్యలేదని తప్పు వాడి మీదికే నెట్టారు. వాళ్లకి ఇప్పుడింత ప్రేమ ఎక్కణ్ణించి వచ్చింది?

అట్ట మీద నాలుగు బొమ్మలు. ఒకదాంట్లో మందు కలుపుతున్నాడు, ఒకదాంట్లో ముక్కుకి గుడ్డ కట్టుకుంటున్నాడు, ఒకదాంట్లో చేతికి తొడుగులేసుకుని కొడుతున్నాడు, చివరిదాంట్లో సబ్బుతో రుద్దుకుంటున్నాడు. నాలుగింట్లోనూ ఉన్నది ఒకడేనని దుర్గాశ్రీ ఉద్దేశం. తోటి కూలి తాతాజీకి మాత్రం నలుగురు మనుషులు కనిపించారు. ముగ్గురు కూలోళ్లనీ, సబ్బున్నాయన ఆసామనీ తేల్చేశాడు. అందరూ నవ్వారు. ఆమె నొచ్చుకోలేదు, పైగా సరదాపడింది. పెన్సిలు తీసి నలుగురికీ ఒకే గళ్ల లుంగీ గీసి, ఇప్పుడెవరని అడిగింది.

"ఇప్పుడు మనోడేనండి. తొడుగులెవరిచ్చారో గానీ" అన్నాడు తాతాజీ.

ఈలోగా ఉదయభాస్కర్ సిరా ప్యాడు తెరిచాడు. అట్ట అడుగున ఉన్న అచ్చు వరస కింద తలా ఒక వేలిముద్ర వేసి పనికి వెళ్లొచ్చన్నాడు. ముందు తాతాజీ వేలు ముంచాడు. వీరాస్వామి అతని చెయ్యి పట్టుకుని ఆపాడు.

"అన్నిటికీ బొమ్మేశారు కదండి అమ్మాయిగారూ. ఈ అడుగు వరసకి ఎయ్యలేదేంటండి?"

అది కంపెనీ అచ్చువేసి ఇచ్చిందనీ, తను పైవాటికే బొమ్మలు వేశాననీ ఆమె అంది. మామూలు మాటేలెమ్మని మొగుడు తొందరపెట్టాడు. చదివి చెప్పమని వీరాస్వామి మళ్లీ అడిగాడు. ఆమె వంగి చదివింది.

"పై జాగ్రత్తలన్నీ నాకు అర్థమైనవి. పాటించనందువల్ల ప్రమాదం జరిగినచో..."

ఆమె మొగుడి వంక చూసి, మిగతాది నెమ్మదిగా పూర్తి చేసింది. "పూర్తి బాధ్యత నాదే."

ఉదయభాస్కర్ సిరా ప్యాడు ఇంకొంచెం ముందుకి జరిపాడు.

"ముద్ర వెయ్యనోడు రేపణ్ణించి రానక్కర్లేదు" అన్నారు జగన్నాథరావు గారు.

రేపు పని లేకపోతే ఇంట్లో పొయ్యి వెలగదని వీరాస్వామికి తెలుసు. అయినా బొటనవేలు లోపలికి మడిచి పిడికిలి బిగించాడు.

"బొమ్మలు బాగా అర్థమయ్యాయండి బాబుగారూ. ఆ తొడుగులూ ఆ సబ్బూ వచ్చాక ఏస్తానండి."

కలిపిన మందుతో నిండిన డబ్బాలు గట్టు మీద వరసగా ఉన్నాయి. ఎవరూ వాటి వైపు కదల్లేదు. తాతాజీ వంగి, సిరా అంటిన వేలిని గడ్డికేసి గట్టిగా రుద్దడం మొదలుపెట్టాడు.