గడ్డిలో గాట్లు

పళ్ళ డాక్టరమ్మ కొట్టిన గోల్ఫ్ బంతి మొదట బాగానే లేచేది. సగం దూరం పోయాక ఎవరో పిలిచినట్టు కుడికి వంకర తిరిగి పొదల్లో పడేది. ఏడాదిగా ఇదే వరస. ఆదివారాలు ఆమెతో ఆడే అక్క మొగుడు, "మరదలా, ఆ పొదల్లో నీకేమైనా చుట్టాలున్నారా?" అనేవాడు. ఆమె నవ్వేసేదిగానీ లోపల కుతకుతలాడేది. కుడికి పోతోంది కదా అని ఇంకాస్త ఎడమకు గురిపెట్టి చూసింది. వంకర ఇంకా ముదిరింది.

ఒక సాయంత్రం ఒంటరిగా సాధన చేస్తుంటే, మైదానంలో గడ్డి బాగుచేసే పెద్దావిడ ఇసుక బకెట్టుతో వచ్చి నిలబడింది.

"డాక్టరమ్మా, ఈ గాట్లు మీవేనా?"

"నావే. గడ్డంతా పాడుచేశానా?"

"గడ్డి మళ్ళీ వస్తుందిలెండి. ఇవన్నీ ఎడమకు చూస్తున్నాయి, చూశారా? బాగా ఆడేవాళ్ళ గాట్లు జెండావైపు ఉంటాయి. మీ కర్ర బయటినుంచి లోపలికి అడ్డంగా కోసుకొస్తోంది, అందుకే బంతి సుడి తిరిగి కుడికి పోతోంది. ఇరవయ్యేళ్ళుగా ఇవే పూడుస్తున్నాను, ఆమాత్రం తెలియదా?"

డాక్టరమ్మ వంగి చూసింది. నిజమే. కాళ్ళ దగ్గరున్నది చూడకుండా ఏడాదంతా ఆకాశంకేసి చూసింది.

పెద్దావిడ కర్రకు తొడిగే గుడ్డతొడుగు తీసి, బంతికి కాస్త వెనగ్గా అవతలపక్క పెట్టింది. "దీనికి తగలకుండా కొట్టండి. ఎడమచెయ్యి కర్రమీద కొంచెం కుడికి తిప్పి పట్టుకోండి. పైనుంచి చూస్తే రెండు మూడు వేళ్ళ కణుపులు కనబడాలి."

మూడు వారాలు ఆ తొడుగు ఎగిరి పడుతూనే ఉంది. అరచేతులు బొబ్బలెక్కాయి. ఆమె మొండిపట్టు వదల్లేదు. నాలుగో వారం ఒకనాడు తొడుగు కదల్లేదు. మర్నాడూ కదల్లేదు.

ఆదివారం ఆమె వంతు వచ్చేసరికి బావగారు అలవాటుగా పొదలకేసి అడుగేశాడు.

"ఆగండి బావా," అని కొట్టింది.

ఆ చప్పుడే వేరు. బంతి లేచింది, రోజూ తిరిగే చోటు దాటింది, తిరగలేదు. గడ్డిబాట నడిమధ్యన పడి, దొర్లుతూ బావగారి బంతిని దాటిపోయి ఆగింది. ఆయన నోరు తెరుచుకుని బంతికేసి చూశాడు.

"పైవరసలో ఒకటి పుచ్చింది, రేపు రండి," అంది డాక్టరమ్మ.

ఆరోజు ఒక్క బంతీ వంకరపోలేదు. చివరి గుంట దగ్గర ఆయన లెక్క రెండుసార్లు చూసుకుని, ఓడానని ఒప్పుకుని చెయ్యి చాపాడు.

"ఇక ఇంటికి పోదామా?"

"ఇంకా బోలెడు వెలుతురుంది," అంటూ ఆమె సంచి భుజానికెత్తుకుని మొదటి గుంటవైపు చకచకా నడిచింది.