నేను చెరిపిన పదమూడు నాలుగులు

నేను ఒక రబ్బరును. డజను పెట్టెలో మండల ఆఫీసుకు వచ్చాను. కుటుంబ సర్వేలో ముందు పెన్సిలుతో రాస్తారు. సూపర్‌వైజరు చూశాక పెన్నుతో ఖాయం చేస్తారు. నా ఉద్యోగం ఆ రెంటి మధ్య.

మొదట అంగన్‌వాడీ టీచరు స్వరూప సంచిలో ఇల్లిల్లూ తిరిగాను. నలభై ఏడో ఇంట్లో రాజమణి బీడీలు చుడుతూ జవాబులు చెప్పింది. మొగుడు భివండీలో వేరే కాపురం పెట్టి తొమ్మిదేళ్లు. కులపెద్దల ముందు విడిపోయినట్టు ఇడుపు కాయిదం కూడా అయింది. ఫారంలో పెళ్లి గడిలో రెండు వేస్తే కాపురం ఉన్నట్టు, నాలుగు వేస్తే విడిపోయినట్టు. నాలుగు పడితేనే ఆమెకూ కూతురికీ వేరే రేషన్ కార్డు.

"నాలుగే రాస్తున్న" అంది స్వరూప.

"గట్టిగ రాయి టీచరమ్మా. నా పెండ్లి పత్రికల నా పేరే తప్పు పడ్డది."

స్వరూప ఒత్తి రాసింది.

ఆఫీసులో సూపర్‌వైజరు వాసుదేవరావు ఫారాలు తిరగేశాడు. పోయిన సర్వేలో ఆ ఊళ్లో నాలుగులు ఆరు. ఈసారి పంతొమ్మిది.

"ఐదేండ్లల్ల మూడింతలా? పైనోళ్లు నన్నడుగుతరు. కోర్టు కాయిదాలున్నయా?"

"ఇడుపు కాయిదాలు చూసిన సార్. పెద్దమనుషుల సంతకాలున్నయి."

"అవి చెల్లయి. పెండ్లి పెండ్లే."

ఆ పెండ్లిళ్లు కూడా కోర్టులో కాలేదు, ఆ పెద్దమనుషుల ముందే అయ్యాయి. చెప్పడానికి నాకు నోరు లేదు.

పదమూడు కాపురాలను నాతో కలిపించాడు. ఒక్కో కాపురానికి కొంత అరిగాను. నాలుగు పోయిన చోట పెన్సిలుతో రెండు వేసి, ఇంటి యజమాని గడిలో మొగుడి పేరు రాశాడు. 'కుటుంబ బంధాలు స్థిరంగా ఉన్నాయి' అని నివేదిక చిత్తులో రాసుకున్నాడు.

పెన్నుతో ఖాయం చేసే రోజు, స్వరూప కూడా బల్ల దగ్గర ఉండగా, రాజమణి కార్డు సంగతి అడగడానికి వచ్చింది. వాసుదేవరావు ఫారం చూపించాడు.

"ఇంటి యజమాని సంతకం కావాలమ్మా."

"ఆయన భివండీల ఇంటికి యజమాని సార్. ఈడ నేనే."

ఆమె ఫారాన్ని కిటికీ వెలుగులో ఏటవాలుగా పట్టుకుంది.

"రెండు కింద నాలుగున్నది. ఏలు పెట్టి చూడుండ్రి."

నేను సీసం తీయగలను, ఒత్తిన గాడిని పూడ్చలేను. ఆయన వేలు పెట్టి చూశాడు. నా కోసం బల్ల తడిమాడు. చింతగింజంత మిగిలిన నేను స్వరూప గుప్పిట్లో ఉన్నాను. రెండో చేత్తో ఆమె పెన్ను తీసి, రెండును కొట్టేసి, ఆ గాడి వెంటే నాలుగు దిద్దింది.

మిగతా పన్నెండు మంది గట్టిగా రాయమని అడగలేదు.