చిన్న డోసు

సీసా అడుగు మణికట్టుకు ఆనించి చూసుకున్నాడు. చాలదనిపించి మళ్ళీ నీళ్ళ తొట్టిలో దించాడు. థర్మామీటరు నలభై రెండు డిగ్రీలని చూపిస్తూనే ఉంది గానీ, దాని మాట అతనికి ఓ పట్టాన నమ్మబుద్ధి కాదు. పసిబిడ్డకు నీళ్ళు పోసే తల్లి అంకెలు చూసి పోస్తుందా ఏమిటి? ఈ అలవాటు చూసే పరిశోధనశాలలో అందరూ అతనికి గోరువెచ్చ బాబాయ్ అని పేరు పెట్టారు. అసలు పేరు హాజరు పట్టీలో పడి ఉంది, పాపం.

ముప్ఫై ఒక్కేళ్ళ నౌకరీ. అందులో ఇరవై ఏళ్ళు గాజు సామాను కడగడంతోనే సరిపోయింది. నీళ్ళలో నానీ నానీ వేలి కొసలు తెల్లబడి, గీతలు అరిగిపోయాయి. వేలిముద్ర వేసి లోపలికి వెళ్ళే యంత్రం పెట్టిన రోజున అది అతన్ని మనిషిగానే ఒప్పుకోలేదు. గాజు పోయి ప్లాస్టిక్ వచ్చాక అతనికి కణాల పని అప్పజెప్పారు. ఎప్పుడో పోయిన ఎవరి ఒంట్లోంచో తీసిన క్యాన్సర్ కణాలు అవి. సీసాల్లో పెరుగుతుంటాయి. రోజు విడిచి రోజు పాత ద్రవం పారబోసి, ఎర్రటి కొత్త ద్రవం పోయాలి. ఏ జబ్బును చంపడానికి ఇంత పెద్ద భవనం కట్టారో, ఆ జబ్బుకే వేళకు తిండి పెట్టే ఉద్యోగం అన్నమాట. ఈ మాటంటే ఒకప్పుడు అతని భార్య కడుపు పట్టుకుని నవ్వేది.

ఇప్పుడామె రోడ్డుకు అవతల ఆసుపత్రిలో, మూడో అంతస్తులో, కిటికీ పక్క మంచం మీద ఉంది. అదే జబ్బు. ఐదు నెలలుగా మందు ఎక్కిస్తున్నా గడ్డ రవ్వంత కూడా తగ్గలేదని, ఇక ఇవ్వడానికి ఏమీ లేదని నిన్ననే చెప్పారు.

తలుపు చప్పుడైంది. ఎప్పుడూ పదింటికి గానీ రాని శాస్త్రవేత్త మేడమ్ ఇవాళ ఎనిమిదింటికే వచ్చి, తొట్టి వైపు చూస్తూ నిలబడిపోయింది.

"ఏం చేస్తున్నారు బాబాయ్?"

"అలవాటు చేస్తున్నానమ్మా. మధ్యాహ్నం మీరు నలభై అయిదులో ముంచుతారు కదా. ఒక్కసారిగా అంత వేడి తగిలితే సీసా చిట్లిపోదూ? అందుకే పొద్దున్నే ఓ అరగంట ఇందులో పెట్టి తీస్తున్నా."

"అవి ప్లాస్టిక్‌వి కదా."

"చేతికి ఆ సంగతి తెలీదమ్మా."

"ఎన్నాళ్ళ నుంచి?"

"మూడు వారాలు. మీరీ పని మొదలుపెట్టిన రోజు నుంచీ."

ఆమె స్టూలు లాక్కుని కూలబడింది. మూడు వారాలుగా వేడి పెట్టినా, పైన మందు పోసినా కణాలు చావడం లేదు. మందును అనుమానించింది, తొట్టిని అనుమానించింది, చివరికి తన చదువునే అనుమానించింది. ఆమె నాలుగు తిట్టినా అతనికి బాగుండేది. తిట్టలేదు.

"కొంచెం వేడి తగిలితే కణం చావదు బాబాయ్, జాగ్రత్తపడుతుంది. లోపల చెడిపోయేవాటిని సరిచేసే ప్రోటీన్లు గబగబా తయారుచేసి పెట్టుకుంటుంది. ఆ తర్వాత అసలు వేడి వచ్చినా, మందు పడినా తట్టుకుంటుంది. ఏ కణమైనా అంతే. క్యాన్సర్ కణానికి ఈ విద్య మరీ బాగా వచ్చు."

"అంటే, నేనే వాటికి ముందుగా కబురు పెట్టానన్నమాట."

"అలాంటిదే."

అతనికి భయం వేసింది. సీసాల గురించి కాదు. ఐదు నెలల కిందట, భార్యకు మందు మొదలుపెట్టే ముందు, అతను డాక్టరు చేతులు పట్టుకున్నాడు. ఆవిడది పిట్టప్రాణం బాబూ, ముందు చిన్న డోసుతో అలవాటు చెయ్యండి అని బతిమాలాడు. డాక్టరు చూద్దాంలే అన్నాడు.

"మనుషుల్లోనూ ఇంతేనా అమ్మా?"

"మనిషి సీసా కాదు బాబాయ్," అంది. ఆమెకు అబద్ధం ఆడటం చేతకాదు. "నాకు తెలీదు."

మిగిలిన సీసాలన్నింటికీ ద్రవం మార్చాడు. చేతులు వాటి పని అవి చేసుకుపోయాయి. నా చేతులారా నేనే చంపుకున్నాను అన్న మాట ఒక్కటే బుర్రలో తిరుగుతోంది. భోజనాల గంట కొట్టగానే, సంచీ, ఫోను అలమరలోనే వదిలేసి రోడ్డు దాటాడు.

డాక్టరు మొదటి అంతస్తులో తన గదిలోనే దొరికాడు. విషయం విని, కాగితాలు తిరగేసి, తలెత్తాడు.

"చిన్న డోసు ఎవరిచ్చారు? మొదటి రోజు నుంచీ పూర్తి డోసే. మీరడిగారని తగ్గిస్తామా? మీ తప్పేం లేదు పెద్దాయనా."

"మరి ఆ గడ్డ చావలేదేమండీ?"

"కొన్నిటికి ఒకరు నేర్పక్కర్లేదు. వాటంతటవే తట్టుకుంటాయి."

అమ్మయ్య అనుకున్నాడు. నిజంగానే ఒళ్ళు తేలికపడింది. ఆ తేలికతోనే రెండో అంతస్తు దాకా ఎక్కి, అక్కడ మెట్ల మధ్య ఆగిపోయాడు.

ఆమె వాంతులతో మెలికలు తిరిగిపోతుంటే ఐదు నెలలూ తలాపున కూర్చుని అతను చెప్పింది ఒకటే మాట. "ఇది చిన్న డోసేనే, ఓర్చుకో. అసలుది ముందుంది." ఆమె సిగ్గుపడేది. "చిన్నదానికే ఇలా అయిపోతున్నా. నా అంత చేతకానిది ఎక్కడా ఉండదు," అనేది. ఎంత ద్రోహం! గుర్రమైనా కూలిపోయే మందును పిట్టంత మనిషి మోస్తే, శభాష్ అనాల్సింది పోయి చేతకానిదాన్ని చేశాడు. ఈ ఒక్క సంగతీ చెప్పెయ్యాలి. మిగతా మెట్లు పరుగులాంటి నడకతో ఎక్కాడు.

కిటికీ పక్క మంచానికి తెర లాగి ఉంది.

"పావుగంట అయిందండీ," అంది నర్సు. "నిద్రలోనే పోయారు. మీ ఫోనుకు చేస్తూనే ఉన్నాం."

అతను తెర లోపలికి వెళ్ళి కూర్చున్నాడు. "పూర్తి డోసేనటే," అన్నాడు. గట్టిగానే అన్నాడు. పక్క మంచం ఆవిడ అటు తిరిగి పడుకుంది.

కాసేపటికి నర్సు సామాను తెచ్చి ఇచ్చింది. కళ్ళజోడు, చెప్పులు, ఒక తువ్వాలు.

"ఈ తువ్వాలు పారేయమంటారా? నొప్పి వచ్చినప్పుడల్లా మూల నోట్లో కుక్కుకునేవారు. అరవండమ్మా, ఏం పర్లేదు అంటే వినేవారు కాదు. చిన్న డోసుకే అరిస్తే అందరూ నవ్వుతారు అనేవారు."

వద్దని తల ఊపి, ఒళ్ళో పరుచుకున్నాడు. తెల్ల తువ్వాలు. మూడు మూలలూ కుట్టు చెదరకుండా ఉన్నాయి. నాలుగోది నమిలి నమిలి దారాలు లేచిపోయి, ఇంకా కాస్త తడిగానే ఉంది.