ఖాళీయేగా

ఉద్యోగం ఉన్నన్నాళ్లూ అందరూ నన్ను అనౌన్సరమ్మ అనేవారు. బస్టాండులో మైకు నాది. రిటైరయ్యాక నా పేరు ‘ఖాళీయేగా’ అయిపోయింది. అమ్మా, ఖాళీయేగా. అక్కా, ఖాళీయేగా. వదినా, ఖాళీయేగా. ఈ మాట కనిపెట్టినవాడు దొరికితే నాలుగు తగిలించాలని ఉంది.

నేనేమీ గోళ్లు గిల్లుకుంటూ కూర్చోలేదు. రోజూ సాయంత్రం ఆసుపత్రిదాకా నడిచి వెళ్లి, చదవలేని రోగులకు పుస్తకాలు చదివి వినిపిస్తాను. జీతం లేదు కాబట్టి మావాళ్ల లెక్కలో అది పనే కాదు. ఈ నెలంతా నా శ్రోత సంగీతం మాస్టారు. చూపు పోయి చాలా కాలమైంది, ఇప్పుడు గుండె మొరాయించింది. ఆయనకు చదువుతున్నది డిటెక్టివ్ నవల. మొదట్లో నా చదువు విని, “బస్సేమీ వెళ్లిపోవడం లేదమ్మా, కాస్త నిదానంగా” అని నవ్వేవారు.

ఆదివారానికి ఆఖరి అధ్యాయం ముందు ఆగాం. శుక్రవారం పొద్దున్నే ఆయనకు ఆపరేషన్.

“మత్తిచ్చేలోపు హంతకుడెవరో చెప్పెయ్యమ్మా. మళ్లీ లేస్తానో లేదో” అన్నారు. నవ్వుతూనే అన్నారు కానీ, చెయ్యి మాత్రం మంచం పట్టెను వదల్లేదు.

“రేపే చదివేస్తా మాస్టారూ” అన్నాను.

సోమవారం తమ్ముడు కళ్ల డాక్టరు దగ్గరికి తోడు రమ్మన్నాడు. “నీ మరదలికి ఆఫీసుంది. నువ్వు ఖాళీయేగా అక్కా!” డాక్టరు చూసేసరికి చీకటి పడింది. మంగళవారం ఆడపడుచు ఇల్లు మారుతూ గిన్నెలన్నీ నా చేతే సర్దించింది. బుధవారం నేను బయల్దేరుతుంటే పక్కింటావిడ తన కుక్కను నాకు అప్పగించింది. అది కూడా ఖాళీయేనట, నాకు తోడుంటుందట. ఆసుపత్రి గేటు దగ్గర వాచ్‌మన్ దాన్నీ నన్నూ కలిపి వెనక్కి పంపాడు. ఏడుపూ కోపమూ ఒక్కసారే వచ్చాయి.

గురువారం మధ్యాహ్నం కూతురు ఫోన్ చేసింది. “అమ్మా, వాషింగ్ మెషీన్ మెకానిక్ వస్తాడు. కాసేపు మా ఇంట్లో కూర్చోవా? ఎలాగూ ఖాళీయేగా.”

“ఆసుపత్రికి వెళ్లాలమ్మా.”

“రేపు వెళ్లొచ్చుగా!”

రేపంటే మాస్టారి ఆపరేషన్. అయినా వెళ్లాను. కన్నకూతురికి కాదని చెప్పడానికి నోరు రాదు, అదే నా ఖర్మ. మెకానిక్ ‘దార్లో ఉన్నా’ అంటూనే చీకటి పడేదాకా కూర్చోబెట్టాడు. ఆ వేళకు ఇక వార్డులోకి బయటివాళ్లను రానివ్వరు. సంచిలోంచి నవల తీసి, వార్డు నర్సుకు ఫోన్ చేశాను.

“మాస్టారి చెవి దగ్గర పెట్టు తల్లీ, నీకు పుణ్యముంటుంది.”

వాషింగ్ మెషీన్‌కు ఆనుకుని చదవడం మొదలుపెట్టాను, ఈసారి నిదానంగా. డోర్ బెల్ మోగింది. చదివాను. మళ్లీ మోగింది. గొంతు పెంచి చదివాను. కాసేపటికి మెకానిక్ విసుక్కుంటూ మెట్లు దిగిపోయిన చప్పుడు వినిపించింది.

ఇంకొంతసేపటికి కూతురు తన తాళంతో తలుపు తీసుకుని పరుగున వచ్చింది.

“అమ్మా! మెకానిక్ వెళ్లిపోయాడట. నీ ఫోనేమో ఎంతకీ బిజీ. హడలి చచ్చాను! ఖాళీగా కూర్చుని తలుపు తియ్యడానికేమైంది?”

“నేను ఖాళీగా లేను” అన్నాను. బస్టాండంతా వినిపించే పాత గొంతు అది.

ఫోన్లోంచి మాస్టారు అడిగారు. “ఎవరమ్మా వచ్చింది? హంతకుడేనా?”

“కాదు మాస్టారూ, మా అమ్మాయి. హంతకుడు మరికొద్ది నిమిషాల్లో వచ్చుచున్నాడు” అని చెప్పి పేజీ తిప్పాను.