వరసల్లో కుర్చీలు

షౌకత్ నూట ఇరవై కుర్చీలు తుడిపించి, స్టేజీకి ఎదురుగా వరసలు కట్టించాడు. నరసరావుపేటలో ఆ కల్యాణ మండపం మేనేజరుగా పదేళ్ళనుంచి అతను చేస్తున్న పనే అది. హాలు తీసుకున్నారంటే కుర్చీలు వెయ్యాల్సిందే. డాన్సుకి కుర్చీలెందుకని, హాలు తీసుకున్న మనోజ్ కూడా అడగలేదు. సౌండు బాక్సులు బిగించుకునే హడావుడిలో అసలు అటు చూడనే లేదు. అదే కొంప ముంచింది.

‘మందు లేని డాన్సు, ఇంటిల్లిపాదీ రండి’ అని మనోజ్ ఫోన్లలో పంపిన పిలుపుకి జనం బాగానే వచ్చారు. వచ్చినవాళ్ళు వచ్చినట్టే కూర్చున్నారు. మగవాళ్ళొకవైపు, ఆడవాళ్ళొకవైపు. మజ్జిగ గ్లాసులు పట్టుకుని, ఎవరో వచ్చి ఉపన్యాసం మొదలుపెడతారన్నట్టు స్టేజీ వైపు చూస్తున్నారు.

మనోజ్ ఏడేళ్ళుగా డీజే. పెళ్ళి ఊరేగింపులో బండి మీద పాటలు వేసేవాడికి మందు గ్లాసందించడం ఇక్కడ మర్యాద. వద్దంటే పెళ్ళికొడుకు మేనమామకి ఎక్కడలేని కోపం వస్తుంది. ఆ మర్యాదలన్నీ పుచ్చుకుని పుచ్చుకుని, ఇరవై తొమ్మిదేళ్ళకే నెత్తురు కక్కుకుని ఆసుపత్రిలో పడ్డాడు. మానేసి పధ్నాలుగు నెలలైంది. మళ్ళీ ఆ బండెక్కితే మళ్ళీ తాగుతాడని అతనికి తెలుసు. పాటలు మానెయ్యడం మాత్రం అతని వల్ల కాదు. యాభై ఏళ్ళొచ్చినా పాటలు వేస్తూనే బతకాలంటే ఇలాంటి హాలొకటి ప్రతి ఆదివారం కావాలి. ఈరోజు జనం ఎగిరితే వారం వారం ఇస్తానన్నాడు షౌకత్. ఎగరకపోతే, బండి యజమాని ఉపేంద్రకి పెళ్ళిళ్ళ సీజనంతా వస్తానని చెప్పెయ్యాలి. జవాబు కోసం ఏడింటికి వస్తానన్నాడు ఉపేంద్ర.

ఆరయింది. ఒక్కడూ లేవలేదు. మనోజ్ వేగం పెంచాడు, తగ్గించాడు, ఊరంతా ఊగే పాటలన్నీ వేశాడు. కుర్చీల కింద కాళ్ళు దొంగచాటుగా ఆడుతున్నాయి గానీ మనుషులు కదలరు. ఊరేగింపుల్లో నడిరోడ్డు మీద దొర్లినవాళ్ళే వీళ్ళంతా. అతనికి ఒళ్ళు మండిపోయింది.

ముందు వరసలో ఒకాయన చెయ్యెత్తాడు. “అబ్బాయా, భోజనాలు ఎన్నింటికి?”

మనోజ్ పాట ఆపేశాడు. “భోజనాల్లేవు బాబాయ్. ఎగరడానికి పిలిచా. లోపల చుక్క పడకపోతే మీ కాళ్ళు లెగవా ఏంది?”

నలుగురు లేచారు, వెళ్ళిపోవడానికి.

చర్చి నుంచి నేరుగా వచ్చిన అతని తల్లి రూతమ్మ స్టేజీ ఎక్కింది. “వాళ్ళనంటన్నావు గానీ, నువ్వెగిరావా? ఆసుపత్రి నుంచొచ్చాక ఒక్కసారన్నా?”

“నేను పాటలెయ్యాలమ్మా.”

“ఒక పెద్ద పాట పెట్టి దిగు. అది పోతానే ఉంటది గదా.”

తాగి ఎగిరాడే తప్ప ఊరికే ఎగరడం ఎలాగో అతనికీ తెలియదు. ఇందాకటి నుంచి వాళ్ళలో చూసి తిట్టుకుంటున్న సిగ్గు తన మోకాళ్ళలోనూ ఉంది.

పెద్ద పాట పెట్టి కిందికి దిగాడు. ముందు రెండు వరసలవాళ్ళని లేపి, కుర్చీలు ఒకదానిమీదొకటి పేర్చి గోడకి నెట్టాడు. చేతులెక్కడ పెట్టుకోవాలో తోచలేదు. అయినా ఎగిరాడు. చండాలంగా ఎగిరాడు. ఎవరో కిసుక్కున నవ్వారు. రూతమ్మ కొంగు బొడ్లో దోపుకుని ఎదురుగా వచ్చింది. కూర్చోడానికి కుర్చీ లేక, భోజనాల బాబాయి గ్లాసు పక్కన పెట్టి భుజాలు కదిపాడు. అలా అలా పదకొండు మంది అయ్యారు. మిగతావాళ్ళు కూర్చుని చూశారు.

“పదకొండు మందికి హాలెట్టా ఇచ్చేది?” అన్నాడు షౌకత్ దగ్గరికొచ్చి.

“వచ్చేవారం కుర్చీలెయ్యమాకు భాయ్. అప్పుడు చూడు.”

“ఒక్క వారం. అంతే.”

ఏడింటికి ఉపేంద్ర వచ్చాడు. గుమ్మంలోనే ఆగి చూసి, నవ్వుకుంటూ మనోజ్ దగ్గరికి నడిచాడు. “మళ్ళీ ఎప్పుడు మొదలెట్టావురా, నాకు చెప్పకుండా?”

“తాగలేదన్నా.”

“ఊరుకోరా.” ఉపేంద్ర వంగి అతని నోటి దగ్గర వాసన చూశాడు. మజ్జిగలో కరివేపాకు వాసన. నమ్మలేక ఇంకోసారి చూశాడు. అతని మొహంలో నవ్వు పోయింది. “మరెందుకురా ఇట్టా ఎగురుతున్నావు?”

మనోజ్ ఆయాసంతో మోకాళ్ళు పట్టుకున్నాడు. “బండికి ఇంకొకణ్ణి చూసుకో అన్నా. ఆ కుర్చీ పక్కకి నెట్టి ఇట్టా రా.”